రేకు డబ్బా మేస్టారు

ముందే చెబుతున్నాను, నేను కోతలు కోస్తాను. చీమ గురించి చెప్పమంటే దానికి అంబారీ కట్టి మరీ చెబుతాను. కనుక ఇందులో సగం తీసి పక్కన పెట్టి చదువుకోండి. ఏ సగమో మీ ఇష్టం.

అరవైల చివర్లో సాలూరులో మా చెడుగుడు జట్టుకి జీతం తీసుకునే కోచ్ ఉండేవాడు. చుట్టుపక్కల ఊళ్లలో అలాంటి జీవి లేదు. మేమంతా లారీల మీద బతికేవాళ్లం. డ్రైవర్లు, క్లీనర్లు, నాలాంటి బుకింగు గుమాస్తా ఒకడు. మా లారీల యజమాని పరువు కోసం ఈయన్ని శ్రీకాకుళం నుంచి దింపాడు. పొద్దున్నే మైదానానికి బొజ్జ వచ్చేది, టిఫినయ్యాక మనిషి వచ్చేవాడు. జన్మలో కూతకెళ్లి ఎరగడు.

ఆయనగారి విద్యంతా ఒక రేకు డబ్బా. లారీ బాడీ మీద క్లీనరు ఒక దెబ్బ కొడితే బండి ఆగాలి, రెండు కొడితే కదలాలి. అది మాకు ఉగ్గుపాలతో అబ్బిన విద్య. దాన్నే ఈ మేధావి ఆటలోకి తెచ్చాడు, గీత బయట నిలబడి డబ్బా మీద కొడుతూ. కూతకెళ్లినవాడు ఎటూ చూడకూడదట, డబ్బా మాత్రమే వినాలట. అదే సాధన చేయించి చేయించి మమ్మల్ని ఎంత పాడు చేశాడంటే, మాలో ఒకడు పెళ్లిపీటల మీద డోలు దెబ్బ ఒకటి విని తాళి కట్టడం ఆపేశాడు.

ఎస్.కోట జట్టుతో పోటీ వచ్చింది. బయల్దేరే ముందు యజమాని అందరి ఎదుటా తేల్చేశాడు.

"ఈ ఆట ఓడిపోతే మీరు మూట సర్దీసుకోండి మేస్టారూ."

మాకు రెండూ కష్టమే. గెలిస్తే ఈయన ఉంటాడు. ఓడితే ఊళ్లో తలెత్తుకోలేం.

"ఒరే, ముందు గెలిసీద్దాం రా. ఈయన సంగతి తరవాత సూసుకుందాం," అన్నాడు మా కెప్టెను.

కోటలో మైదానం రోడ్డు పక్కనే. ఆఖరి కూత. కెప్టెను ఇద్దర్ని ముట్టుకుని గీత కేసి తిరిగాడు. ఇంకొక్క అంగ వేస్తే గెలుపు. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద ఒక లారీ వెనక్కొస్తోంది. దాని క్లీనరు బాడీ మీద ఠాప్‌మని ఒక్కటిచ్చాడు.

కెప్టెను ఆగిపోయాడు. ఒంటికాలి మీద, కూత పెడుతూనే, రెండో దెబ్బ కోసం ఎదురుచూస్తూ. కోటవాళ్లు తీరిగ్గా వచ్చి బస్తాని ఎత్తినట్టు ఎత్తి కింద పెట్టుకున్నారు.

"ఏటిరా, ఎందుకాగిపోనావు?" కోచ్ బొజ్జ అదిరేలా అరిచాడు.

"ఆగమని కొట్నారు కదేటి!"

"నాను కొట్టనేదురా!"

"ఎవులు కొట్నారో సూడొద్దని మీరే కదేటి సెప్పినారు మేస్టారూ!"

ఆ సాయంత్రమే యజమాని ఆయన్ని ఉప్పు లారీ ఎక్కించి, బస్తాల మీద కూర్చోబెట్టి సాగనంపాడు. క్లీనరు రెండు దెబ్బలు కొట్టాడు. మేం చప్పట్లు కొట్టాం.

ఇక ఒప్పుకోవాలి కదా. బొజ్జని కాస్త సాగదీశాను. తాళి కట్టడం ఆపినవాడు ఆగింది క్షణమే. కానీ పూర్తిగా కల్పించింది మాత్రం ఆ ఉప్పు లారీ. ఆయన్నెవరూ పంపలేదు. ఉన్నదున్నట్టు చెబితే మీరు నమ్మరని పంపేశాను. జరిగింది ఇదీ: "కోటోళ్లు గెలిస్తే గెలిసినారు. ఆళ్లకి కోచ్ ఉన్నాడేటి?" అని యజమాని మీసం దువ్వుకున్నాడు. తప్పంతా డబ్బా చప్పుడు చాలకపోవడంలో ఉందని తేల్చి, మేస్టారికి ఇంకా పెద్ద డబ్బా కొనిచ్చాడు.