ఒకే పుట మూడుసార్లు

బద్వేలు గ్రంథాలయానికి నెలనెలా వచ్చే బొమ్మల కథల కొత్త సంచిక ఎలా ఉందో ఒక కాగితం మీద రాసి బోర్డుకు గుచ్చడం నా పని. జీతం లేదు, కోపం మాత్రం ఉంది. నేను బడి మొహం చూడనివాణ్ణి. బండల ఫ్యాక్టరీలో పనిచేస్తూ, బొమ్మల నోటి దగ్గర రాసిన మాటలు కూడబలుక్కుంటూనే అక్షరాలు నేర్చుకున్నాను. మాట తక్కువైతే నాకు ఒళ్లు మండుతుంది.

మొన్న వచ్చింది పోస్ట్‌మన్ కథ. ఏళ్లుగా చదువుతున్నాను; అతని సైకిలు బెల్లు ఏ సంచికలో ఊడిందో కూడా చెప్పగలను. ఈసారి మొదటి నుంచి చివరిదాకా ఒక్క అక్షరం లేదు. పైగా అతను ఒక ముసలమ్మ గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగే పుట మూడుసార్లు వేశారు. "అచ్చు తప్పు. పాఠకులను మోసం చేశారు. తెప్పించడం మానండి" అని రాసి గుచ్చాను. గ్రంథాలయాధికారి సరేనన్నాడు. మర్నాడే చందా ఆపమని ఉత్తరం పోవాలి.

సాయంత్రం ఇంట్లో పుస్తకం పట్టుకుని తిడుతుంటే మా ఆవిడ లాక్కుంది. ఆమెకు చదువు రాదు.

"ఏందయ్యా, ఒకటే అంటాండావు? ఈడ ముసిల్ది వాకిలి అలుకుతాంది. ఈడ మంచం దులుపుతాంది. ఈడ బియ్యం చెరుగుతాంది. ఎవురో వస్తారని కాసుకోనుండాది."

"అయితే ఉత్తరం ఇచ్చి పోవల్ల గదా వాడు?"

"ఎట్లిస్తాడు! వాని చేతిలో కార్డు మూలలు సూడు."

కళ్లజోడు సర్దుకున్నాను. నాలుగు మూలలా నల్లసిరా. చావు కబురు కార్డు. చిన్నప్పటి నుంచి ఎన్ని చూడలేదు! ఇదెలా కనబడకుండా పోయింది?

"మన ఇంటికి ఇట్లాంటి కార్డొచ్చినప్పుడూ అంతే," అంది. "నువ్వు కూడబలుక్కునే లోపల నా ఏడుపు సగమయ్యేది."

పొద్దున్నే పోయి బోర్డు మీది నా కాగితం పీకేశాను.

"ఏంది పెద్దాయనా, నిన్న ఆపమంటిరి. ఉత్తరం రాసిపెట్టుకోనుండా," అన్నాడు గ్రంథాలయాధికారి.

"పంపొద్దప్పా."

"అంటే శానా బాగుండాదా?"

"ఏమో. కబురియ్యకుండా ఉద్యోగం ఎగ్గొట్టినోణ్ణి మెచ్చుకోవల్లో తిట్టల్లో నాకే తెలీడంల్యా. అయినా ఆపొద్దు. వాడు ఆ కార్డు ఇచ్చినాడో లేదో వచ్చే సంచికలో నేను సూడల్ల."

ఆ ఉత్తరం చించేయమన్నాను. అతను చించలేదు, మడిచి సొరుగులో పెట్టుకున్నాడు.