దొరమ్మ ఇంట్లో తవుడు బేరం

ఒరిస్సా కొత్త రాష్ట్రమైన తొలి ఏళ్ళవి. బరంపురంలో మా ఇల్లు ఉన్నచోటే ఉందనీ, మద్రాసే మమ్మల్ని వదిలేసి పోయిందనీ మా నాన్న ఎగతాళి చేసేవాడు. నాకు ఆరేళ్ళు. ఎంతకీ వదలని జ్వరం. నాకంటే ముందు పుట్టిన ఇద్దరూ అలాంటి జ్వరంతోనే పోయారు. సముద్రపు గాలి మంచిదని డాక్టరు చెబితే, దసరా సెలవులకు మార్కండి దగ్గర సముద్రపు ఒడ్డున ఒక దొర కట్టుకున్న బంగళా అద్దెకు తీసుకున్నాం. దొర సీమకు వెళ్ళిపోయి చాలా కాలమైంది. తనలాంటి బడిపంతులికి అంత ఇల్లు అంత చవగ్గా ఎందుకిచ్చారో మా నాన్న అడగలేదు. చవగ్గా వచ్చిందేదైనా ఆయనకు దేవుడిచ్చిందే.

ఇంటిని కనిపెట్టుకుని ఉండేది ఒక జాలరి ఆవిడ. నన్ను చూడగానే మా అమ్మతో, "ఏటమ్మా, పిల్ల ఇలగైపోనాది? తవుడుకి అమ్మలేదేటి?" అంది.

బిడ్డలు వరసగా పోతున్న ఇళ్ళల్లో చేసే పని అది. ఈ బిడ్డ నాది కాదని తల్లి ఇంకొకామెకు అమ్మినట్టు చేతిలో పెట్టేస్తుంది. తర్వాత ఆమెకు ఇంత తవుడు పోసి కొనుక్కుంటుంది. అంత చవక సరుకును చావు కూడా ముట్టదని కాబోలు. నాన్న తిడతాడని అమ్మ అంతవరకూ చెయ్యలేదు. ఆ రోజు ఆయన స్నానానికి వెళ్ళాడు.

"ఈ పిల్ల నాది కాదప్పా, నీదే" అని అమ్మ నన్ను ఇచ్చేసింది. ఆవిడ నన్నెత్తుకుని సముద్రం వైపు వరండాలోకి తీసుకెళ్ళి, అక్కడున్న పేము కుర్చీలో కూర్చోబెట్టి, ఏదో గొణిగింది. "ఎల్లేటప్పుడు కొనుక్కో" అని అమ్మతో చెప్పి తన పనికి పోయింది.

మర్నాటికి జ్వరం దిగింది. మధ్యాహ్నాలు ఆ కుర్చీలోనే నిద్రపోయేదాన్ని. అమ్మ నాకు నడినెత్తిన పాపిడి తీసి జడ వేసేది. లేచేసరికి జడ విప్పి ఉండేది, పాపిడి పక్కకు ఉండేది. నిద్రలో తలమీద చల్లటి వేళ్ళు తెలిసేవి. అమ్మ చెయ్యి ఎప్పుడూ వెచ్చగా ఉంటుందని నాకు అప్పుడు తట్టలేదు. ఆ జాలరి ఆవిడ ముద్దు చేస్తోందనుకుని అమ్మ ఊరుకుంది. బిడ్డ అన్నం తింటోంది, అమ్మకు అదే పదివేలు.

సెలవులైపోయాయి. బండి కట్టారు. అమ్మ గుడ్డలో తవుడు మూటకట్టి తెచ్చింది. జాలరి ఆవిడ చేతులు వెనక్కి లాక్కుంది.

"నాకెందుకమ్మా? నానెక్కడ కొన్నాను? నాకు నలుగురున్నారు. దొరమ్మకిచ్చీసినాను. పిల్లల్లేని తల్లి, బాగా సూసుకుంతాదని."

"ఆవిడేదీ?" అంది అమ్మ.

"దొర పెళ్ళామమ్మా. ఈ ఇంట్లోనే సచ్చిపోనాది. శానా ఏళ్ళయిపోనాది."

అమ్మ ముఖం చూసి నాకు భయమేసింది. నన్ను చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కెళ్ళింది. మూట కుర్చీలో పెట్టింది. "అమ్మా, తవుడు తెచ్చాను. నా పిల్లని నాకిచ్చీ" అంది. కొన్నవాళ్ళు తీసుకుపొమ్మని నోటితో అంటేనే బేరం తెగినట్టు. అమ్మ ఆ మాట కోసం వింటూ నిలబడింది. వినిపించినవి బయట నాన్న కేకలే. నా తలమీద మళ్ళీ ఆ చల్లటి వేళ్ళు తగిలాయి. వేళ్ళు తగిలాయని అమ్మతో చెప్పాను. అమ్మ నన్ను చంకనెత్తుకుని బండి దాకా పరుగెత్తింది.

ఆ తర్వాత నాకు జ్వరమన్నది రాలేదు. కానీ అమ్మ నోట "నా కూతురు" అన్న మాట కూడా మళ్ళీ రాలేదు. ఎవరైనా అడిగితే "మా ఇంట్లో పిల్ల" అనేది. కడుపులో పెట్టుకుని పెంచింది, నేనెక్కడికెళ్ళినా వెనకే ఉండేది. ఆ ఒక్క మాట మాత్రం అనలేదు. నాకు ఏడుపొచ్చేది.

నా పెళ్ళిలో కన్యాదానానికి నీళ్ళు పొయ్యమని పురోహితుడు అమ్మకు చెంబు అందించాడు. అమ్మ కింద పెట్టేసింది. "ఇవ్వడానికి నాదైతే కదా" అంది, నా వైపు కాదు, నా వెనక్కి చూస్తూ. అంతమందిలో నా తల కొట్టేసినట్టయింది. చివరికి పిన్ని వచ్చి నీళ్ళు పోసింది.