చెయ్యి జారిన ముగ్గు

వడివాంబాళ్ ముగ్గుకి ఆగడం తెలియదు. మన్నార్‌గుడిలో ఆ వీధి ఇళ్లన్నీ గోడకి గోడ ఆనుకుని ఉంటాయి. ఎవరి వాకిలి ఎక్కడిదాకానో అందరికీ తెలుసు, ఒక్క ఆవిడ ముగ్గుకి తప్ప. తన గడప ముందు చుక్కలు పెట్టి మెలిక మొదలెడుతుంది. అది ఆ చుక్కలన్నీ చుట్టేసి, పక్కవాళ్ల వాకిట్లోకి పాకి, అక్కడ కాళ్లు బారజాపుకుని కూర్చుంటుంది.

దర్జీ కదిరేశన్ భార్య పురుడు పోసుకుని ఇంటికొచ్చిన వారం, ఈవిడ ముగ్గు వాళ్ల గుమ్మం దాకా పోయింది. ఎదురింటి టీచరమ్మ టైఫాయిడ్‌తో మంచం పట్టినప్పుడైతే ఏకంగా రోడ్డు దాటింది. పాపం, పాలవాడు సైకిలు భుజానికెత్తుకుని అవతలికి వెళ్లాడు.

"ఏంటత్తా ఇది, రోడ్డు కూడా నీదేనా?" అని ఎవరైనా అడిగితే జవాబు ఒక్కటే.

"చెయ్యి జారిందే! మెలిక మధ్యలో తెంపితే అరిష్టం కదా, కలిసేదాకా పోవద్దూ?"

పక్కింటి పూంగోదైకి మాత్రం ఒళ్లు మండేది. మార్గళి నెల, అదే ధనుర్మాసం, మొదట్లో అత్తగారిని ఆసుపత్రిలో చేర్చి, రాత్రంతా జాగారం చేసి, తెల్లారి ఇల్లు చేరేసరికి తన వాకిట్లో వడివాంబాళ్ తామరతీగ! నిద్రలేని కళ్లకి అది ముగ్గులా కాదు, కబ్జాలా కనిపించింది.

"అత్తా, నీకు వాకిలి చాలకపోతే ఊరవతల పొలం కొనుక్కో! నా గుమ్మంలో ఇంకొక్క చుక్క పడిందో, మర్యాదగా ఉండదు!"

"పడితే ఏం చేస్తావే? పోలీసుల్ని పిలుస్తావా?"

"పిలుస్తా!"

"పిలు. వాళ్ల స్టేషన్ ముందు కూడా ముగ్గు లేదు, పాపం."

పూంగోదై అప్పటికప్పుడు జాజు కలిపి, రెండు వాకిళ్ల మధ్య ఎర్రగా గీత గీసేసింది. ఆ రోజు నుంచి వడివాంబాళ్ ముగ్గు ఆ గీత దాకా వచ్చి, మూతి ముడుచుకుని వెనక్కి తిరిగేది.

భోగినాడు పూంగోదై పెరట్లో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు కట్టారు. అత్తగారు ఆసుపత్రి నుంచి వచ్చి ఇంకా వారం కాలేదు. తెల్లారితే పొంగలు పండగ. ఆ వీధిలో పొంగలునాడు వాకిలి బోడిగా ఉందంటే అర్థం ఒక్కటే, ఆ ఏడు ఆ ఇంట్లో ఎవరో పోయారని.

"చూసినవాళ్లు నేనే పోయాననుకుంటారే! యముడు వదిలినా ఊరు వదలదు," అని మంచం మీంచి అత్తగారు.

మొగుడు ఇళంగో బజారుకెళ్లి ముగ్గు స్టిక్కర్ తెచ్చాడు.

"అంటించి తగలెట్టు! చీమలు బియ్యప్పిండి మానేసి ప్లాస్టిక్ తింటాయిట్రా?" అంది తల్లి.

వాడే పిండి తీసుకుని చుక్కలు పెట్టాడు. వాకిట్లో వడగళ్లు పడ్డట్టుంది. పూంగోదై ఎడంచేత్తో నీళ్లు చల్లి చెరిపేసింది.

"పోనీ పక్కింటత్తని అడగరాదూ?" అన్నాడు ఇళంగో.

"గీత గీసింది నేను. ఏ మొహం పెట్టుకుని అడగను?" అంది పూంగోదై. ఆమెకి చెయ్యి నొప్పి కంటే ఆ మాటే ఎక్కువ నొప్పిపెట్టింది.

తెల్లవారుజామున వాకిట్లోంచి కేక. "అయ్యయ్యో! పూంగోదై, రావే, కొంప మునిగింది!"

పరుగెత్తుకెళ్లి చూస్తే, జాజు గీతకి అటో కాలు, ఇటో కాలు వేసి వంగుని ఉంది వడివాంబాళ్. పొంగలి కుండ, చెరుకుగడలు, సూర్యుడు, అన్నీ పూంగోదై వాకిట్లోనే! ఆవిడ సొంత గుమ్మంలో మాత్రం జానెడు తీగ.

"చెయ్యి జారిందే!"

"సూర్యుడు కూడా జారాడా అత్తా?"

"పెద్దవాడు కదా, నా వాకిట్లో పట్టలేదు. తిట్టేదేదో త్వరగా తిట్టు, అవతల పొయ్యి వెలిగించాలి."

పూంగోదై తిట్టబోయి ఆ సూర్యుడికేసి చూసింది. పురిటి ఇల్లు, జ్వరం ఇల్లు, ఆసుపత్రి నుంచి తను వచ్చిన పొద్దు, వరసగా గుర్తొచ్చాయి. ఈ మహాతల్లి చెయ్యి ఎప్పుడు జారినా వంగి ముగ్గెయ్యలేనివాళ్ల గుమ్మంలోనే జారింది! ఎవరిచేతా అడిగించుకోలేదు, సాయం చేశానని చెప్పుకోలేదు. తిట్లు మాత్రం కడుపునిండా తింది. పూంగోదైకి ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది.

"అత్తా..."

"ఏడ్చావంటే పిండి తడిసిపోతుంది. తిడతావా, పోనా?"

వీధిలో తలుపులన్నీ తెరుచుకుంటున్నాయి. ఆవిడకి ఏం కావాలో పూంగోదైకి అర్థమైంది. గొంతు సవరించుకుని వీధంతా వినబడేలా అరిచింది.

"ఇదే ఆఖరుసారి! రేపు పశువుల పొంగలుకి మళ్లీ ఇటు జరిగావో, ఊరుకునేది లేదు!"

"జరుగుతా! ఏం చేస్తావే?"

"గిన్నెడు చక్కెరపొంగలి తినిపించిగానీ వదలను!"

"నెయ్యి పిసినారివి నువ్వు. నాకు తెలుసులే," అని గొణిగి, నడుం పట్టుకుని లేచింది వడివాంబాళ్.

మెలిక ఇంకా ఒక్కచోట కలవలేదు, సరిగ్గా జాజు గీత మీద. పూంగోదై వంగి, ఎడంచేత్తో చిటికెడు పిండి తీసుకుని, ఎర్రగీత మీదుగా రెండు కొసలూ కలిపేసింది.

"వంకరపోయింది కదే!"

"చెయ్యి జారింది అత్తా," అంది పూంగోదై.