తల లేని నాయన ఫోటో

మా చిన్నతనంలో తొండియార్‌పేట ఇంట్లో నాయన మెడలో డబ్బా కెమెరా వేసుకున్నాడంటే చాలు... అమ్మ ముఖం ముడుచుకుపోయేది.

నెలకో ఆదివారం నాయన జోలార్‌పేట రైలెక్కి, ఏలగిరి కొండకు పోయి, ఫోటోలు తీసుకుని పొద్దుగూకాక వచ్చేవాడు. అదీ ఆయన చెప్పిన మాట. అమ్మ నమ్మలేదు. ఫోటోల్లో కొండ ఉండేది, బండలుండేవి, మబ్బులుండేవి... ఆయన మాత్రం ఉండేవాడు కాదు.

"కొండను చూసేదానికి నెలనెలా పోతారా ఎవురైనా? ఆడ ఇంకో కాపురం పెట్టినాడేమో!" అని పక్కింటి అత్తతో అంటుంటే విన్నాను. నాకు తొమ్మిదేళ్ళు. ఇంకో కాపురమంటే ఇంకో ఇల్లనీ, అక్కడ ఊయల కూడా ఉంటుందేమోననీ ఆశపడ్డాను...

ఆ నెల నన్నూ వెంట తీసుకుపొమ్మని అమ్మే పట్టుబట్టింది. జడ బిగిస్తూ చెవిలో చెప్పింది... "ఎవురింట్లో కాఫీ తాగినాడో, ఎవురు పోసిచ్చినారో, బాగా చూసుకోనిరా."

ఎవరూ పోసివ్వలేదు. కాలిబాటన మూడు గంటలు ఎక్కాం. ప్రతి మలుపులోనూ ఆ ఇంటి కోసం వెతికాను. పైకెళ్ళాక నాయన ఒక బండ మీద కూర్చుని, మబ్బు పక్కకు జరగాలని గంటన్నర కాచుకున్నాడు. అంత పనిలేని మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఫిల్ము చుట్టలో ఆఖరి ఫోటో ఒకటి మిగిలింది. అమ్మకు సాక్ష్యం కావాలి కదా... "నాయనా, నిన్ను నేను తీస్తా" అన్నాను.

"ఆడించబాక మే, గట్టిగా పట్టుకో" అని నవ్వుతూ నిలబడ్డాడు.

ఇంటికొచ్చి చూసింది చూసినట్టు చెప్పాను. "నీకేం కొనిపెట్టి నోరు మూయించినాడో!" అని అమ్మ కొట్టిపారేసింది. ఇక ఆ ఫోటోనే దిక్కు. పది రోజులకు కడిగి వచ్చింది... అందులో నాయనకు తల లేదు. మెడ కింది నుంచి బూట్ల దాకా ఉన్నాడు, వెనక కొండ ఉంది. నాకు ఏడుపొచ్చింది.

అమ్మ దాన్ని కిటికీ వెలుగులో పెట్టి చాలాసేపు చూసింది. "ప్యాంటు మోకాలికి ఈ అతుకు నేనేసిందే..." అంది మెల్లగా. అంత వంకర కుట్టు ఊళ్ళో ఇంకెవరికీ రాదు మరి.

మరుసటి నెల నాయనకు పులిహోర పొట్లం తనే కట్టిచ్చింది. సరిగ్గా ఒక్కరికి సరిపడా.

మొన్న మా మనవరాలు కొల్లి కొండలెక్కి ఫోటో పంపింది. షోళింగనల్లూరు ఆఫీసు వాళ్ళు పదిమందితో కలిసి పోయింది. ఫోటోలో ఇదొక్కతే ఉంది.

"మిగతావాళ్ళేరే?"

"ఫోన్లోనే తుడిచేసినా అవ్వా."

"మరి ఈ మబ్బు?"

"అది నేను పెట్టింది. సుమ్మా ఊరికే సందేహపడతావే నువ్వు!"

ఉన్న పదిమందిని తుడిచేసి, లేని మబ్బును తెచ్చిపెట్టి... నన్ను సందేహపడొద్దంటుంది! అమ్మ ఉంటే ఈ ఫోటోలో దేన్ని పట్టుకుని నమ్మేదో...

మీ ఇళ్ళలోనూ తల తెగినవీ, వేలు అడ్డొచ్చినవీ, వంకరగా పడినవీ ఫోటోలుంటే ఈ పోస్టు కింద పెట్టండి. అవైతే నమ్ముతాను...