నేను పీకిన మంచి డిస్కు

ఆ రోజు నేను పాడైన డిస్కును వదిలేసి మంచిదాన్ని పీకాను. అంతటితో ఆగినా బాగుండేది.

అమీర్‌పేటలో ఒక సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్‌లో సిస్టమ్స్ చూసుకునే పని నాది. మూడో అంతస్తులో, మెట్ల పక్క గదిలో సర్వర్. అందులో నాలుగు డిస్కులు. వాటిలో ఒకటి పోతే మిగతా మూడూ కలిసి లోటు పూడుస్తాయి. రెండు పోతే అంతే సంగతులు.

డేటాబేస్ కోర్సు చెప్పే మేడం నెల రోజులుగా రికార్డు చేసిన పాఠాలన్నీ దాంట్లోనే ఉన్నాయి. ఆవిడది గుంటూరు వైపు. ఎనిమిదో నెల. కాన్పుకు వెళ్లేలోపు బ్యాచ్‌కు మిగిలిన పాఠాలన్నీ కెమెరా ముందు చెప్పి పెట్టుకుంది. మా వీధిలో బ్యాచ్ చేతులు మారితే మళ్లీ రాదు, పిల్లలు కొత్త సార్ వెంటే పోతారు. ఆ వీడియోలుంటే తను లేకపోయినా బ్యాచ్ తనదే.

పొద్దున పదింటికి సర్వర్ కూయడం మొదలుపెట్టింది. ఓనర్ తలుపు తోసుకుని వచ్చాడు.

"ఏం లొల్లన్నా గది? క్లాసుల పిల్లలు నవ్వుతున్నరు. జర బంద్ చెయ్."

ముందు కూత ఆపాను. రెండో నంబరు డిస్కు పోయిందని తెర మీద ఉంది. పాడైనదాని ముందు ఎర్రదీపం వెలుగుతుంది. కానీ దసరాకు ఆయుధపూజ చేసినప్పుడు నాలుగింటికీ కుంకుమ బొట్లు పెట్టింది నేనే, సరిగ్గా దీపాల మీదే. అవి ఎండి గట్టిపడి ఏ దీపమూ కనపడలేదు. గోటితో గీకితే అర నిమిషం పని. గీకకుండా ఎడమ నుంచి రెండోది లెక్కపెట్టి లాగేశాను. సర్వర్ సున్నా నుంచి లెక్కపెడుతుందని, దాని రెండో నంబరంటే మూడో డిస్కని పదేళ్లుగా తెలిసినవాణ్ని.

సర్వర్ ఆగిపోయింది. లాగినదాన్ని మళ్లీ దూర్చాను. ఒప్పుకోలేదు. ఆపి, ఆన్ చేశాను. మళ్లీ చేశాను. వైర్లు ఊడదీసి పెట్టాను. ఒకసారి మూడు డిస్కులు చూపిస్తుంది, ఇంకోసారి రెండే. దాన్ని కాలితో తన్నాలనిపించింది.

"ఇంకెంత సేపన్నా? హైటెక్ సిటీ మొత్తం నువ్వే నడిపిస్తున్నట్టు చేస్తున్నవ్," అన్నాడు ఓనర్ గుమ్మంలోంచి.

పంజాగుట్టలో డేటా రికవరీ షాపుకు ఫోన్ చేస్తే, ఏమీ నొక్కకుండా తీసుకురమ్మన్నారు. మెట్రోలో ఒక్క స్టేషన్. కానీ అక్కడికి వెళ్తే ఎలా జరిగిందో చెప్పుకోవాలి. ఇంతలో తెర అడిగింది: ఈ డిస్కు మీద పాత అమరిక ఉంది, వాడుకోవాలా, చెరపాలా? చెరిపేసి కొత్తగా కట్టమన్నాను. సర్వర్ బుద్ధిగా లేచింది, ఖాళీగా.

మధ్యాహ్నం ఎలాగూ పంజాగుట్ట పోక తప్పలేదు.

"పొద్దుగాలనే తెస్తే దొరుకుతుండె భాయ్. తుడిచినంక మళ్ల మీద రాసిండ్రు. గిప్పుడేం రాదు," అన్నాడు షాపతను.

ప్రతి శనివారం వేరే డిస్కులోకి నకలు తీయాల్సింది కూడా నేనే. ఆ నెలలో ఒక్క శనివారమూ తీయలేదు.

తిరిగొచ్చి మేడంతో, రెండు డిస్కులు ఒకేసారి పోయాయన్నాను.

"మీరు మాత్రం ఏం చేస్తారండీ. పొద్దుట్నుంచి తిన్నట్టు కూడా లేరు," అని తన టిఫిన్ డబ్బా నా వైపు జరిపింది.

ఆ డబ్బాలో చెయ్యి పెట్టలేకపోయాను.

"అబద్ధం చెప్పాను మేడం. పాడైంది ఒక్కటే. రెండోదాన్ని నేను పీకాను. చెరిపిందీ నేనే."

"ఏంటండీ మీరు! నడుం పట్టేస్తున్నా నిలబడి చెప్పానండీ నెల రోజులు." డబ్బా వెనక్కి లాక్కుని మూత పెట్టేసింది.

ఓనర్ అప్పటికే ఇంకో సార్‌తో ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఆయన దగ్గరకెళ్లి జరిగిందంతా చెప్పాను. బ్యాచ్ ఎవరికీ ఇవ్వొద్దని, రోజూ పొద్దున ఆరింటికే వచ్చి రికార్డింగ్ పనంతా నేను చూసుకుంటానని బతిమాలాను.

"ఆమె మళ్ల చెప్తా అంటే నాకేం లేదు. నీ మొహం చూస్తదా అనేదే ఫికర్."

రెండో రోజు ఆరున్నరకు ఆమె వచ్చింది. ఈసారి మెత్త వేసిన కుర్చీ తెచ్చి పెట్టాను. ఖాళీ బెంచీలకు చెప్పలేనంటే ముందు వరుసలో కూర్చున్నాను. నకళ్లు తీసుకునే పాఠం వచ్చిన రోజు, కెమెరా ఆపమని సైగ చేసి, "ఇది మాత్రం మీకోసమే అండి, నిద్రపోకండి," అంది. నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

ఆమె కాన్పుకు వెళ్లేదాకా రోజూ ఆ రోజు వీడియోను రెండు డిస్కుల్లోకి ఎక్కించి, ఒకటి ఆమె చేతికే ఇచ్చేవాణ్ని. తన ల్యాప్‌టాప్‌లో తెరిచి, మొదలూ చివరా చూసుకుంటే గానీ బ్యాగులో వేసుకునేది కాదు. చూసుకునేదాకా పక్కనే నిలబడేవాణ్ని.