చిల్లు కుండలతో రుషికొండ దాకా

రుషికొండలో మా అక్క అపార్ట్‌మెంటుకి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. అయినా ఏసీ నుంచి కారే నీళ్లూ, బియ్యం కడిగిన నీళ్లూ పట్టి, మేడ మీద నాలుగు తొట్లలో వంగమొక్కలు పెంచింది. తొలిపూత వచ్చిన వారమే ఆఫీసువాళ్లు పదిరోజుల ట్రైనింగుకి పొమ్మన్నారు. బావ ఓడ మీదున్నాడు. అత్తగారు మోకాళ్ల నొప్పులతో మేడ ఎక్కలేని మనిషి. "మొక్కల సంగతి తేలకపోతే రైలెక్కను" అంది అక్క. రైలు రెండున్నరకి. నాకేమో షిఫ్టు డ్యూటీ, రోజూ వెళ్లలేను. అడుగున చిల్లు పొడిచి వత్తి దూర్చిన కుండలు పాతితే నీళ్లు బొట్టుబొట్టుగా దిగుతాయని ఫోన్లో వీడియో చూసి, కుండలతో బయల్దేరాను.

తొమ్మిదింటికి కూర్మన్నపాలెంలో బస్సెక్కాను. మూడు కుండలు గోనెసంచిలో, పట్టని నాలుగోది భుజాన. వారం కిందటే సింహాచలంలో మొక్కు తీర్చుకున్న గుండు. చితి చుట్టూ తిరిగేవాడు అచ్చం ఇలాగే ఉంటాడని బస్సులో అందరికీ తట్టింది, నాకు తప్ప.

"ఎవులు పోనారు బాబూ?" అన్నాడు కండక్టరు.

"ఎవరూ పోలేదండి. మద్దిలపాలెం ఒకటి."

చేపల గంప ఆవిడ లేచి సీటిచ్చింది. "కూకో నాయినా. ఎవులికిదంతా?"

"వంగమొక్కలకమ్మా."

ఆవిడ పక్కామెతో మెల్లగా అంది: "పాపం, బుర్ర పాడైపోనాది గుంటడికి."

డ్రైవరు పాటలు ఆపేశాడు.

పదిన్నరకి మద్దిలపాలెం. అక్కడ బస్సు మారుతుంటే ముక్కూమొహం తెలియనివాడొకడు భుజం పట్టుకున్నాడు. "బావా, మొయ్యడానికి మనుసులున్నారా? నాను రానా?" ఇంత మంచి ఊళ్లో శవం లేకుండా తిరుగుతున్నందుకు నాకే నామోషీ వేసింది.

పదకొండున్నరకి తలుపు తీసింది అక్క అత్తగారు. గుండు చూసింది, కుండ చూసింది.

"అక్కడే ఆగు! పిల్ల పెయానమెల్తంటే సిల్లు కుండ తెస్తావా? గడప దాటేవంటే కాళ్లిరగ్గొడతాను."

లోపల్నించి అక్క, "అయితే నాను ఎల్లను" అని పెట్టె కింద పెట్టేసింది.

"చిల్లు లేకపోతే నీళ్లెలా దిగుతాయత్తయ్యా?" అన్నాను గుమ్మం బయట నుంచే.

"సన్నాసీ, మంచినీళ్ల కుండ కింద తడి ఎప్పుడూ సూడ్లేదేటి? కుండే సెమరస్తాది. మా ఊళ్లో మల్లెపాదుల్లో కుండలు పాతేవోళ్లం, ఒక్కదానికీ సిల్లెట్టలేదు."

వీడియో చూసి నేర్చిన విద్య అంతటితో సమాప్తం. మెట్ల మీద కూర్చుని వత్తులు లాగేసి, కింద కొట్లో కొన్న, ప్లంబర్లు పైపులతికే ముద్దతో చిల్లులన్నీ పూడ్చాను. అది గట్టిపడ్డాక ఆవిడ ఒక్కో కుండలో నీళ్లు పోయించి, చుక్క కారడం లేదని చూశాకే లోపలికి రానిచ్చింది.

పన్నెండున్నరకి మొక్కల పక్కన మెడదాకా పాతి, నింపి, మూతలు పెట్టాం. ఒంటిగంట దాటినా అక్క కదల్లేదు. కుండ పక్కన మట్టిలో వేలు గుచ్చింది, తీసింది, మళ్లీ గుచ్చింది. ఆ వేలు నా మొహం ముందు పెట్టింది. తడి. "నాలుగ్రోజులకోసారి వచ్చి నింపు" అని చెప్పులేసుకుని ఆటో ఎక్కింది.

రెండున్నర దాటాక, తిరుగు బస్సులో ఉండగా ఫోన్ చేసింది.

"రైలు కదిలింది. తడి ఆరలేదు కదా?"

"లేదక్కా."

"సూసి సెప్తన్నావా, నన్నూరుకోబెట్టడానికి సెప్తన్నావా?"

"నాలుగు తొట్లలోనూ వేలు పెట్టి చూసే బయల్దేరాను."

రుషికొండకి జనం సముద్రం చూడ్డానికి వెళ్తారు. నేను దాని వైపు తలైనా తిప్పలేదు. నా చూపుడువేలి గోట్లో తడిమట్టి ఇంకా ఉంది.