టీచరమ్మ తెచ్చిన తడిమట్టి

మా సండేస్కూలు టీచరమ్మ పోయిందని మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక చెప్పారు. నిద్రలోనే పోయిందట. నిజంగా నిద్రలోనేనా, నొప్పేమైనా దాచుకుందా అని ఇద్దరు ముగ్గుర్ని అడిగాను. ఏదీ ఒక్కమాటకు నమ్మే మనిషిని కాను నేను. టీచరమ్మనే చాన్నాళ్లు నమ్మలేదు.

ఎనభైల్లో దిల్‌సుఖ్‌నగర్ వెనకాల కాలనీలు కొత్తగా లేస్తున్నాయి. నల్లగొండ వైపు నుంచి వచ్చి, ఒకరింట్లో కింది గది కిరాయికి తీసుకున్నాం. చర్చివాళ్లమని ఇంటామెకు చెప్పలేదు. అంతకుముందు ఎల్బీ నగర్‌లో, సంగతి తెలియగానే సామాను బయట పెట్టించారు. ఈ గది కూడా పోతే పిల్లను ఎక్కడ పడుకోబెట్టాలన్నదే నా దిగులు.

టీచరమ్మది గుంటూరు వైపు. వాక్యం నోటితో చెప్పి ఊరుకునేది కాదు. ఉప్పు కథకు నాలుక మీద ఉప్పుకల్లు పెట్టేది. గుడ్డివాడి కథకు పిల్లల కళ్లకు గంతలు కట్టి బెంచీల మధ్య నడిపించేది. ఇదేం చదువు, పిల్లలతో ఏం మింగిస్తోంది అని కిటికీలోంచి కాపు కాసేదాన్ని. ఒకనాడు అత్తరుబుడ్డి కథ చెప్పి, అందరి అరచేతులకూ అత్తరు రాసి పంపింది.

గేటు దగ్గరే ఇంటామె మా పిల్ల చెయ్యి పట్టుకుంది. "ఏందే, గింత వాసనొస్తున్నవ్. ఏ పెండ్లికి పోయినవ్?"

"పక్కింటోళ్లు పూసిన్రు పెద్దమ్మా" అని నేనే అడ్డం పడ్డాను. ఆమె మళ్లీ వాసన చూసి, నా మొహం చూసింది.

మర్నాడు టీచరమ్మ ఇంటికి పోయి సంగతంతా చెప్పాను. "నోటితోని చెప్తే సరిపోదా అక్కా?"

"చెవిన వేసింది గేటు దాటేలోపు మర్చిపోతారు చెల్లెమ్మా. చేతికంటింది ఇంటిదాకా వస్తుంది."

"ఇంటిదాక వస్తదనే గదా నా భయం."

"సరే. మీ పాపకి ఏదీ అంటనివ్వను" అంది.

తర్వాతి ఆదివారం కుమ్మరి కథ. పిల్లలంతా మట్టి పిసికారు. మా పిల్ల ఏడ్చుకుంటూ వచ్చింది. ఇంటామె మెట్ల మీదే ఉంది.

"ఎవలు కొట్టిన్రే?"

"ఎవ్వరు కొట్టలే. చర్చిల అందరు కుండలు చేసిన్రు. నన్నొక్కదాన్నే ముట్టొద్దన్నరు."

"ముట్టొద్దన్నదెవలు?"

"అమ్మ."

ఇంటామె నా వైపు తిరిగింది. "చర్చికి పోతరా మీరు?"

"పోతం పెద్దమ్మా."

"మరి పక్కింటోళ్లు పూసిన్రంటివి."

నేను లోపలికి పోయి బోళ్లు మూట కట్టడం మొదలుపెట్టాను.

సాయంత్రం టీచరమ్మ తడిగుడ్డలో మట్టిముద్ద పట్టుకుని వచ్చింది. పిల్ల ఏడుపు చూసి ఉండలేకపోయిందట. "పాపకి చదువు చెప్పేదాన్నండి. పొద్దున ఒక పాఠం మిగిలిపోయింది" అంది ఇంటామెతో.

"చర్చి టీచరువా? అన్ని ఎర్కైనయ్ లే. ఈడనే కూసొని చెప్పు. ఏం నేర్పిస్తవో నేను గూడ చూస్త."

మెట్ల మీదే పాఠం జరిగింది. ఎప్పుడు ఖాళీ చేయమంటుందోనని తలుపు చాటున, మూట పక్కన నిలబడి ఇంటామె మొహమే చూస్తున్నాను. ఆనాడూ అనలేదు, తర్వాతా అనలేదు. ఎందుకనలేదో నాకు ఇప్పటికీ అనుమానమే. భయపడకుండా గేటు తెరుచుకుని వచ్చిన టీచరమ్మ వల్లనే అనుకుంటాను. ఆ మాట టీచరమ్మతో ఒక్కసారైనా అనాల్సింది.

పిల్ల చేస్తున్న కుండ ఒక పక్కకు ఒరిగిపోతోంది. టీచరమ్మ అడుగున చెయ్యి పెట్టి ఆపింది. ఇంటామె బియ్యం ఏరుతున్న చాట పక్కకు జరిపి, ముందుకు వంగింది. "గట్ల గాదే. అంచు గిట్ల ఒత్తాలె" అంటూ తన వేళ్లు కూడా ఆ తడిమట్టిలో పెట్టింది.